చౌటినేలలో ఆమ్ల క్షారాల కథ

ఈనాటి ప్రసంగం ముఖ్యంగా ఏడు, ఎనిమిది తరగతులు చదివే మీ కోసం. పెద్దలు కూడా పక్కన కూర్చుని వింటే సంతోషం. ఇందులో చెప్పబోయే సంగతుల్లో సగం వాళ్ళకు చేతిపనిగా తెలిసినవే. వాటికి పుస్తకం పెట్టిన పేరు మాత్రం తెలియకపోవచ్చు.

పావగడ తాలూకా తుమకూరు జిల్లాలోనిది. కానీ పటం తీసి చూస్తే మూడు వైపులా ఆంధ్రప్రదేశే కనిపిస్తుంది. అందుకే అక్కడి పిల్లల్లో చాలామందికి ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం. బళ్ళో అయ్యవారు 'ఆమ్ల' అంటారు, 'ప్రత్యామ్ల' అంటారు, 'క్షార' అంటారు. పిల్లవాడు బట్టీ పట్టి పరీక్ష రాసి గట్టెక్కుతాడు. ఇంటికొస్తే అమ్మ 'పులుపు' అంటుంది, అవ్వ 'చౌడు' అంటుంది, తాత తమలపాకుకు సున్నం రాసుకుంటూ ఉంటాడు. ఈ రెండు జాబితాలూ ఒకటేనని ఆ పిల్లవాడికి ఎవరూ చెప్పరు. నాకూ ఎవరూ చెప్పలేదు. ఒక చొక్కా చెప్పింది.

అప్పుడు నేను మూడో తరగతి. కొత్త తెల్లచొక్కా మీద పప్పు ఒలకబోసుకున్నాను. అవ్వ చూస్తే తిడుతుందని భయపడి, చెరువు కింద పల్లంలో తెల్లగా పేరుకున్న చౌడు గుప్పెడు గీరి తెచ్చి, నీళ్ళలో కలిపి ఆ మరక మీద రుద్దాను. ఊళ్ళో బట్టలకు అదే వాడతారని చూసి ఉన్నాను కదా! మరక పోలేదు సరికదా, పసుపుపచ్చగా ఉన్నది కాస్తా నెత్తురు రంగుకు తిరిగింది. ఇంటికి పోతే అవ్వ గుండె బాదుకుంది. "ఏం రా, యాడ పడినావురా?" అని ఒళ్ళంతా తడిమింది. సంగతి తెలిశాక నవ్వి, చింతపండు పిసికిన నీళ్ళు తెచ్చి ఆ మరక మీద కొంచెం కొంచెంగా పోసింది. నా కళ్ళ ముందే ఎరుపు వెనక్కి తగ్గి మళ్ళీ పసుపు అయింది. "చౌడుకు పులుపే మొగుడురా" అంది.

ఆ ఒక్క మాటలో రసాయనశాస్త్రంలో ఒక అధ్యాయం ఉందని నాకు తెలియడానికి మరో ఆరేళ్ళు పట్టింది.

పసుపులో కుర్కుమిన్ అనే రంగుపదార్థం ఉంది. అది ఆమ్లంలోనూ, మామూలు నీళ్ళలోనూ పచ్చగానే ఉంటుంది. క్షారం తగిలితే ఎర్రబడుతుంది. మళ్ళీ పులుపు తగిలితే పచ్చబడుతుంది. ఇలా రంగు మార్చి గుట్టు చెప్పే వస్తువును సూచిక అంటారు. పెళ్ళిలో కాళ్ళకు పెట్టే పారాణి పసుపు, సున్నం కలిపినదే. బిడ్డకు దిష్టి తీసే ఎర్రనీళ్ళూ అంతే. ఆ ఎర్రనీళ్ళలో ఒక నిమ్మకాయ పిండి చూడండి. అమ్మను అడిగి, దిష్టి తీయడం అయిపోయాకే సుమా!

పసుపుకు ఒక లోపం ఉంది. ఆమ్లానికీ, మంచినీళ్ళకూ తేడా చెప్పలేదు. ఆ తేడా తెలియాలంటే శంఖుపూలు కావాలి. నీలం శంఖుపూలను వేడినీళ్ళలో వేస్తే నీలం రంగు దిగుతుంది. అందులో నిమ్మరసం వేస్తే ఎరుపు ఛాయకు, సున్నపు తేట వేస్తే ఆకుపచ్చకు తిరుగుతుంది. సరిగ్గా ఇలాంటి పనే ఇంగ్లండులో రాబర్ట్ బాయిల్ అనే ఆయన వయొలెట్ పూల రసంతో చేసి, 1664లో అచ్చయిన తన పుస్తకంలో రాశాడు. పులుపు తగిలితే ఆ రసం ఎర్రబడుతుంది, క్షారం తగిలితే ఆకుపచ్చ అవుతుంది. ఏది ఆమ్లమో ఏది క్షారమో నాలుకను అడగక్కరలేదు, పువ్వును అడగండి అన్నాడన్నమాట. అంతకు ముందు రుచి చూసి చెప్పడమే ఎక్కువ. అది ప్రమాదం. మీరు తెలియని వస్తువును ఎప్పుడూ నాలుక మీద పెట్టకండి. సున్నమూ సోడా నాలుకను కాలుస్తాయి, కంట్లో పడితే చూపు పోవచ్చు.

ఇక చౌడు దగ్గరికి వద్దాం.

పావగడ ప్రాంతం రాతినేల. నల్లరాయి, ఎర్రరాయి, వాటి మీద పలుచని మట్టి. వాన తక్కువ. ఉత్తర పినాకిని, అంటే మన పెన్న, నాగలమడికె పక్కనుంచి పోతుంది గానీ ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే కనిపిస్తుంది. ఇలాంటి చోట రాయి అరిగి, అందులోని సోడియం లవణాలు నీళ్ళతో పల్లానికి చేరతాయి. వాన దండిగా ఉన్న దేశంలో అయితే అవి ఏటిలో కలిసి సముద్రానికి పోయేవి. ఇక్కడ ఆ యోగం లేదు. ఎండాకాలంలో కింది తడి పైకి పీల్చుకుని ఆవిరైపోతుంది, తెచ్చిన ఉప్పును నేల మీదే వదిలిపోతుంది. పొద్దున్నే చూస్తే మంచు పడ్డట్టు తెల్లగా ఉంటుంది. తెలుగులో చౌడు. కన్నడంలో చౌళు, సవుళు.

ఆ తెలుపంతా ఒకటి కాదు. ఈ సంగతి గట్టిగా పట్టుకోండి, ఎందుకంటే ఈ కథంతా దీని మీదే నడుస్తుంది. ఒకచోట ఆ తెలుపులో ఎక్కువ భాగం సోడియం కార్బొనేటు, బైకార్బొనేటు; ఇది క్షారం, వేళ్ళ మధ్య జారుతుంది, పసుపును ఎర్రబరుస్తుంది. మరోచోట ఎక్కువ భాగం సోడియం క్లోరైడు, అంటే తినే ఉప్పే. ఇది ఆమ్లమూ కాదు, క్షారమూ కాదు, పసుపును కదిలించదు. పాత ఊరిదిబ్బల మీద, పశువుల దొడ్ల దగ్గర దొరికే సూరేకారం ఇంకొకటి. పేరులో 'కారం' ఉంది గానీ అదీ పసుపును మార్చదు. క్షారం అన్న సంస్కృతపు మాటే మన నోళ్ళలో కారం అయింది. పెద్దలు పేరు పెట్టేటప్పుడు అన్నిటినీ ఒకే గంపలో వేశారు. కానీ పని చేసేటప్పుడు మాత్రం ఎవరూ పొరబడలేదు. ఏ మన్ను ఎందుకు పనికొస్తుందో ఆ మన్ను మీద బతికినవాళ్ళకు బాగా తెలుసు.

చాకలివారిని చూడండి. క్షారపు చౌడు గీరి తెచ్చి, నీళ్ళలో కలిపి తేట తీసి, బానలో కాచేవారు. మాసిన బట్టలు అందులో ముంచి పిండి, ఉబ్బకుండ మీద పేర్చి ఆవిరి పట్టించేవారు. క్షారం, వేడి, ఆవిరి మూడూ కలిసి బట్టకు పట్టిన నూనెజిడ్డు మీద పని చేస్తాయి. నూనెకు క్షారం తోడైతే వచ్చేది సబ్బు. అంటే సబ్బుబిళ్ళ అంగడికి రాకముందు సబ్బు ఆ బట్టల మీదే, ఆ జిడ్డుతోనే తయారయ్యేదన్నమాట. తెల్లవారి రేవులో బండ మీద ఉతికితే జిడ్డూ పోయేది, చౌడూ పోయేది.

ఆ చేతులు అన్ని బట్టలకూ చౌడు పెట్టేవి కావు. పట్టుబట్టలకూ, కంబళ్ళకూ కుంకుడుకాయే. ఎందుకు? పట్టు, ఉన్ని జంతువుల నుంచి వచ్చినవి, మాంసకృత్తులు. గాఢమైన క్షారం వాటిని తినేస్తుంది. పత్తి చెట్టు నుంచి వచ్చింది. అది క్షారాన్ని ఓర్చుకుంటుంది గానీ గాఢమైన ఆమ్లాన్ని ఓర్చుకోలేదు. పావగడ తాలూకాలోనే వై.ఎన్. హొసకోటెలో పట్టు నేసే కుటుంబాలున్నాయి. పట్టుదారానికి పుట్టుకతోనే ఒక బంక ఉంటుంది, సెరిసిన్ అంటారు. అది పోతేనే పట్టుకు మెరుపు. ఆ బంకను సబ్బు, సోడా వేసిన వేడినీళ్ళలో ఉడికించి తీస్తారు. సోడా తక్కువైతే బంక పోదు, ఎక్కువైతే దారమే పోతుంది. ఎంత వేయాలో నేతపనివారిని అడిగితే చెబుతారు, కొందరు వేలు పెట్టి చూసి చెబుతారు. మనం పరీక్షలో 'క్షారముల ఉపయోగములు వ్రాయుము' అన్న ప్రశ్నకు రెండు మార్కుల జవాబు రాస్తాం. వాళ్ళకు తప్పితే ఒక చీర పోతుంది.

1800వ సంవత్సరంలో, టిప్పు సుల్తాను పతనమైన మరుసటి ఏడు, ఫ్రాన్సిస్ బుకానన్ అనే వైద్యుడిని ఈస్టిండియా కంపెనీ మైసూరు రాజ్యమంతా తిరిగి రమ్మని పంపింది. ఆయన 1801 దాకా తిరిగి, ఊరూరా ఏం పండుతుంది, ఏం తయారవుతుంది అని విచారించి రాశాడు. ఆ రాతలు 1807లో లండనులో మూడు సంపుటాలుగా అచ్చయ్యాయి. అందులో 'సౌలు' అనే మాట వస్తుంది. ఆ మాట చూసి నేను చాలాసేపు ఆగిపోయాను. మన చౌడే అది! సవుళు అన్న కన్నడపు మాట దొరగారి చెవికి అలా వినిపించింది. ఇప్పటి చిత్రదుర్గ జిల్లా హొసదుర్గ తాలూకాలోని మత్తోడులో గాజు తయారుచేసి చేతిగాజులు పోసేవారని, దానికి ఈ సౌలు కావలసి వచ్చేదని ఆయన రాశాడు. గాజుకు మూలం ఇసుక లాంటి రాతిపొడి. అది ఒంటిగా కరగాలంటే మామూలు కొలిమి వేడి చాలదు. సోడా కలిస్తే తక్కువ వేడికే కరుగుతుంది. పొలం పాడు చేసిన తెలుపే ఆడపిల్లల చేతికి గాజు అయిందన్నమాట.

ఇక రెండో తెలుపు, తినే ఉప్పు. ఉప్పర కులం వారి పేరు ఉప్పు నుంచి వచ్చిందే. 1909లో ఎడ్గార్ థర్స్టన్ అచ్చువేసిన దక్షిణ భారతపు కులాలు, తెగల సంపుటాల్లో కూడా వారి పాత వృత్తి మన్నుప్పు చేయడమేనని ఉంది. పద్ధతి చూడటానికి తేలికే. ఉప్పుమన్ను గీరి, కింద వడపోతకు గడ్డి పరచి పైన మన్ను పోసి, నీళ్ళు పోస్తే ఉప్పునీరు కిందికి దిగుతుంది. దాన్ని మడుల్లో ఎండబెడితే ఉప్పు. కానీ మన్ను ఎంచుకోవడంలోనే ఉంది విద్య అంతా. సోడా చౌడు కలిసిందంటే కూడు చేదెక్కుతుంది, కడుపు చెడుతుంది. సముద్రం ఎక్కడో ఉన్న ఈ సీమలో బీదవాడి కూటికి ఉప్పు ఈ మన్నులోంచే వచ్చేది.

ఇక్కడ సరిహద్దు కథలోకి వస్తుంది. పావగడ మైసూరు సంస్థానంలో ఉండేది. చుట్టూ ఉన్న మడకశిర, హిందూపురం, కల్యాణదుర్గం మద్రాసు రాజధానిలో ఉండేవి. అక్కడ ఉప్పు సర్కారు సొత్తు. 1889 నాటి మద్రాసు ఉప్పు చట్టం కింద అనుమతి లేకుండా ఉప్పు చేయడం నేరం. అందులో నేల గీరి తీసే మన్నుప్పూ వస్తుంది. సముద్రపు ఉప్పు మీద పన్ను రావాలంటే ఊళ్ళో మన్నుప్పు ఉండకూడదు కదా. ఉప్పరవారిలో ఎందరో చెరువులు తవ్వడానికి, కట్టలు వేయడానికి మట్టిపనికి మళ్ళారు. పేరులో ఉప్పు మిగిలింది, చేతిలో గడ్డపార మిగిలింది. 1930లో గాంధీజీ దండి ఒడ్డున ఉప్పు పట్టినప్పుడు దేశమంతా సముద్రం వైపు చూసింది. సముద్రానికి దూరంగా ఉన్న మన సీమల్లో కాళ్ళ కింది మట్టి నుంచే ఆ హక్కు పోయిందన్న సంగతి మన చరిత్ర పాఠాల్లో అంతగా కనిపించదు. కనిపించాలని నా అభిప్రాయం.

చాకలివారి చౌడును ఏ చట్టమూ అంతగా బాధించలేదు గానీ కర్మాగారం బాధించింది. 1791లో ఫ్రాన్సులో నికొలా లెబ్లాంక్ మామూలు ఉప్పు నుంచి సోడా చేసే పద్ధతికి పేటెంటు పొందాడు. 1860ల్లో బెల్జియంలో ఎర్నెస్ట్ సాల్వే అంతకంటే చవకైన దారి కనిపెట్టాడు. ఉప్పునీరు, సున్నపురాయి, మధ్యలో అమ్మోనియా సాయం, అంతే. మనదేశంలో గుజరాత్ తీరాన మిఠాపూర్‌లో 1939లో మొదలైన టాటా కెమికల్స్ ఆ పద్ధతిలోనే సోడా చేయసాగింది. బట్టల సోడా పొట్లాలుగా అంగడికి వచ్చాక చౌడు గీరేవాళ్ళు తగ్గిపోయారు. రెండింటిలోనూ ఉన్నది ఒకే సోడియం కార్బొనేటు. ఒకటి తెల్లగా, శుద్ధంగా, డబ్బుకు దొరుకుతుంది. ఇంకొకటి మట్టితో కలిసి, ఊరికే దొరుకుతుంది. గీరేవాడి నడుం నొప్పిని మాత్రం లెక్కలో వేసుకోవాలి.

ఆమ్లం, క్షారం అంటే అసలు ఏమిటి అన్న ప్రశ్నకు జవాబు ఎలా వచ్చిందో ఇప్పుడు చెబుతాను. తేలికగా రాలేదు.

మన సుశ్రుత సంహితలో క్షారం చేసే విధానానికి ఒక అధ్యాయమే ఉంది. చెట్లను కాల్చి, ఆ బూడిదను నీళ్ళలో కలిపి వడకట్టి కాస్తే మెత్తని క్షారం. అందులో కాల్చిన సున్నపురాయి, శంఖాల వంటివి వేసి కాస్తే తీక్ష్ణ క్షారం. దాన్ని ఇనుపపాత్రలో మూత పెట్టి ఉంచమన్నారు. గాయాలు, మొలలు కాల్చడానికి వైద్యులు వాడేవారు. ఆ క్షారం మంట ఆపడానికి పుల్లని ద్రవాలు పోయమన్నారు. ఆమ్లం కలిస్తే క్షారం తన తీక్ష్ణత వదులుకుంటుందని చెప్పారు. మా అవ్వ చింతపండు నీళ్ళతో చెప్పింది ఇదే. ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్ తన హిందూ రసాయనశాస్త్ర చరిత్రలో, 1902లో వచ్చిన మొదటి సంపుటంలోనే, ఈ అధ్యాయాన్ని ఎంతో మెచ్చుకున్నారు.

సున్నం కలిపితే క్షారం ఎందుకు తీక్ష్ణమవుతుంది? స్కాట్లండులో జోసెఫ్ బ్లాక్ 1756లో అచ్చయిన వ్యాసంలో దీన్ని విప్పాడు. మెత్తని క్షారంలో ఒక గాలి బంధించబడి ఉంటుంది. మనం ఇప్పుడు దాన్ని కార్బన్ డయాక్సైడ్ అంటాం. సున్నం ఆ గాలిని లాక్కుని మళ్ళీ రాయిగా అడుగుకు చేరుతుంది. గాలి పోయిన క్షారం కాలుస్తుంది. మూత పెట్టి ఉంచమన్నది ఎందుకో ఇప్పుడు తెలిసిందా? బయటి గాలి తగిలితే ఆ తీక్ష్ణ క్షారం మళ్ళీ మెత్తబడిపోతుంది. చౌడులో సున్నం కలిపినా జరిగేది ఇదే. కాబట్టి ఆ రెండూ కలిపి చేతులు పెట్టకండి.

పులుపుల వంతు చూడాలంటే స్వీడన్ వెళ్ళాలి. అక్కడ మందుల అంగడి నడిపిన కార్ల్ షేలే ఒక్కొక్క పులుపునూ విడదీశాడు. ద్రాక్షసారాయి పీపాల్లో పేరుకునే మడ్డి నుంచి టార్టారిక్ ఆమ్లం, 1780లో పులిసిన పాల నుంచి లాక్టిక్ ఆమ్లం, 1784లో నిమ్మ నుంచి సిట్రిక్ ఆమ్లం. ఆ టార్టారిక్ ఆమ్లమే మన చింతపండులోది. మన పెద్దలు విడదీయలేదు గానీ సేకరించడం తెలుసు. శనగచేలో తెల్లవారుజామున పలుచని బట్ట మొక్కల మీద పరిచి, మంచుతో పాటు దిగిన పులుపును పిండుకోవడం దక్కన్ పల్లెల్లో ఉండేది. శనగాకు ముట్టుకుని వేలు నాకి చూసిన వాళ్ళకు ఆ పులుపు గుర్తుంటుంది. అందులో మాలిక్, ఆక్సాలిక్ ఆమ్లాలుంటాయి. ఒకే చేనుకు పైన పులుపు, కింద పల్లంలో చౌడు!

ఆమ్లాలన్నిటిలోనూ ఉమ్మడిగా ఏముంది? ఫ్రాన్సులో లవోజియే, ప్రతి ఆమ్లంలోనూ తాను అధ్యయనం చేసిన ఒక వాయువు ఉండి తీరుతుందని నమ్మి, దానికి ఆమ్లాన్ని పుట్టించేది అనే అర్థం వచ్చేలా ఆక్సిజన్ అని పేరు పెట్టాడు. అది పొరపాటు. 1810లో హంఫ్రీ డేవీ ఉప్పు నుంచి వచ్చే ఘాటైన ఆమ్లంలో ఆక్సిజనే లేదని తేల్చాడు, హైడ్రోజన్, క్లోరిన్ మాత్రమే ఉన్నాయన్నాడు. కానీ పేరు పోయిందా? పాత తెలుగు పుస్తకాల్లో ఆక్సిజన్‌ను ఆమ్లజని అన్నారు. పావగడ పిల్లలు కన్నడ పుస్తకంలో ఇప్పటికీ ఆమ్లజనక అనే చదువుతారు. అంటే రెండు వందల ఏళ్ళ కిందట దిద్దుకున్న తప్పును మనం రోజూ పలుకుతున్నాం. పలకండి, ఫరవాలేదు, తప్పు ఎక్కడిదో తెలిసి పలకండి.

చివరికి 1884లో స్వీడన్ కుర్రవాడు స్వాంటే అర్హీనియస్, లవణాలు నీళ్ళలో కరిగినప్పుడు విద్యుదావేశం గల అయాన్లుగా విడిపోతాయని తన పరిశోధన పత్రంలో రాశాడు. పరీక్షకులు తక్కువ మార్కులే ఇచ్చారు. 1903లో అదే పనికి నోబెల్ బహుమతి వచ్చింది. ఆ ఆలోచన ప్రకారం నీళ్ళలో హైడ్రోజన్ అయాన్లు ఇచ్చేది ఆమ్లం, హైడ్రాక్సైడ్ అయాన్లు పెంచేది క్షారం. రెండూ కలిస్తే ఆ అయాన్లు జతకూడి నీళ్ళవుతాయి, మిగిలినవి లవణం అవుతాయి. 1909లో డెన్మార్క్‌లో ఒక బీరు కంపెనీ ప్రయోగశాలలో పనిచేసే సోరెన్‌సెన్ దీనికి కొలబద్ద ఇచ్చాడు. అదే పీహెచ్. మంచినీళ్ళు 7 దగ్గర. నిమ్మరసం 2 చిల్లర, పెరుగు నాలుగున్నర దగ్గర, సున్నపు తేట 12 దాటుతుంది. ఒక్కొక్క అంకెకు పది రెట్ల తేడా అని మరచిపోకండి.

చౌడునేల ఎనిమిదిన్నర దాటుతుంది, ఒక్కోచోట 10 దాకా పోతుంది. అలాంటి మట్టి తడిస్తే బురదగా మూసుకుపోతుంది, ఎండితే రాయిలా బిగుస్తుంది, వేరు దిగదు. 'పులుపే మొగుడు' కదా అని చేనంతా చింతపండు పోస్తామా? దానికి జిప్సం వేస్తారు. జిప్సం ఆమ్లం కాదు. అందులోని కాల్షియం మట్టిరేణువులను పట్టుకున్న సోడియాన్ని నెట్టేసి దాని చోట కూర్చుంటుంది. తరువాత మంచినీళ్ళు పెట్టి ఆ సోడియాన్ని కడిగేయాలి. ఆ నీళ్ళే పావగడలో లేవు. చిక్కంతా అక్కడే.

నీళ్ళ మాట వచ్చింది కాబట్టి ఇంకొక సంగతి చెప్పి ముగిస్తాను. ఇది అన్నిటికంటే ముఖ్యం.

పావగడ తాలూకా బోరునీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. పిల్లల పళ్ళ మీద గోధుమరంగు చారలు, పెద్దల కీళ్ళలో బిగుసుకుపోయే నొప్పి ఆ నీళ్ళ వల్ల వచ్చేవే. మన దక్షిణాదిన ఈ జబ్బును వైద్యులు గుర్తించి లోకానికి చెప్పింది 1937లో, అప్పటి మద్రాసు రాజధానిలో. ఫ్లోరైడు రాతిలో ఉంటుంది. దాన్ని నీళ్ళలోకి దింపడంలో మన చౌడుకు పెద్ద చేయి ఉంది. మామూలుగా నీళ్ళలో కాల్షియం ఉంటే అది ఫ్లోరైడును పట్టి కరగని రాయిగా చేసి ఆపుతుంది. సోడా కలిసిన నీళ్ళలో కాల్షియం కాస్తా సున్నపురాయిగా అడుగుకు పోతుంది. పట్టేవాడు లేక ఫ్లోరైడు స్వేచ్ఛగా నీళ్ళలో మిగులుతుంది. మన దేశపు ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము. వేరే నీరు లేకపోతే ఒకటిన్నర దాకా.

పిల్లలూ, ఇక్కడే జాగ్రత్తగా వినండి. మా అవ్వ పసుపు ఈ ఫ్లోరైడును చూపించదు. శంఖుపువ్వు చూపించదు. పీహెచ్ కాగితం చూపించదు. నాలుక అసలే చెప్పదు, ఆ నీళ్ళు ఒక్కోసారి తియ్యగానే ఉంటాయి. కాచితే పోదు, పైగా నీళ్ళు తగ్గి చిక్కబడుతుంది. దానికి వేరే పరీక్ష ఉంది, నీటి పరీక్షాకేంద్రంలో చేస్తారు. మీ బడి బోరునీళ్ళకు ఆ పరీక్ష ఎప్పుడు చేశారో, ఎంత వచ్చిందో అయ్యవారిని అడగండి. అంకె అడగండి. 'బాగుంది' అన్నది జవాబు కాదు.

ఫ్లోరైడు తీయడానికి 1970ల్లో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థవారు ఒక పద్ధతి రూపొందించి, ఆ బాధ ఎక్కువగా ఉన్న నల్గొండ పేరు పెట్టారు. నీళ్ళలో పటిక, సున్నం వేసి కలియబెడతారు. పటిక నీళ్ళలో ఆమ్లంలా నడుచుకుంటుంది, నీళ్ళలోని క్షారంతోనూ, వేసిన సున్నంతోనూ కలిసి తెల్లని మెత్తటి పొరలుగా విరుగుతుంది. ఆ పొరలు ఫ్లోరైడును పట్టుకుని అడుగుకు చేరతాయి. పైన తేట తీసుకోవాలి. పటిక ఎంత వేయాలన్నది ఆ నీళ్ళలో క్షారమెంత, ఫ్లోరైడెంత అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఊరికొక లెక్క, బోరుకొక లెక్క. పక్కింటివారి లెక్క చూసి వేయకూడదు. ఈ రోజుల్లో కర్ణాటక పల్లెల్లో నీటిశుద్ధి యంత్రాలు పెట్టి నాణెం వేస్తే బిందె నిండేలా చేశారు. అవి సన్నని పొరగుండా నీటిని ఒత్తి పంపుతాయి. ఉప్పూ, చౌడూ, ఫ్లోరైడూ పక్కకు తోసిన నీళ్ళలో మిగిలిపోతాయి.

ఆ పక్కకు తోసిన నీళ్ళు ఎటు పోతున్నాయో చూశారా? చాలాచోట్ల గది వెనక గొట్టంలోంచి కారి నేలలోకే ఇంకుతాయి. ఎండాకాలం ఒక పొద్దున ఆ గొట్టం మూతి దగ్గర తెల్లగా పేరుకున్నదాన్ని పుల్లతో కొంచెం గీరి, నీళ్ళలో కలిపి, అందులో చిటికెడు పసుపు వేసి చూడండి. ఏ రంగు వచ్చిందో మా రేడియో కేంద్రానికి ఉత్తరం రాయండి. చేతులు కడుక్కోవడం మరవకండి. సెలవు.